రోజుకొక రూపాయి

పోపులపెట్టె యడుగున నాలుగు రూపాయలు దాచుట మన తల్లులకును అమ్మమ్మలకును తెలియని విద్య కాదు. బియ్యపు బానలోనో, దేవుని గూటిలో పటము వెనుకనో, పాతచీర కొంగుముడిలోనో ప్రతి యిల్లాలికిని ఒక చిన్న బొక్కసముండెడిది. పెరుగమ్మిన డబ్బు, పుట్టింటివారు పసుపుకుంకుమల క్రింద చేతబెట్టిన డబ్బు, కూరల బేరములో మిగిల్చిన చిల్లర అందు చేరుచుండెడివి. బిడ్డకు జ్వరము తగిలిన దినమున ఆ సొమ్మే వైద్యుని కడకు నడిపించెడిది. "నీకెక్కడిదే యింత డబ్బు?" అని మగవా రాశ్చర్యపడుటయు, మరునాటినుండి ఆ గూటిమీద వారికొక కన్నుండుటయు ఎరుగని యిల్లు లేదు.

ఆ సొమ్మునకు రెండు లోపములు కలవు. అది యొంటరిది, అవసరము పెద్దదైనచో చాలదు. మఱియు అది కూర్చున్నచోటనే కూర్చుండును గాని పెరుగదు. ఇట్టి పోపులపెట్టెలను పదింటినో పదునైదింటినో ఒకచోట చేర్చినచో నేమగునో, గడచిన ముప్పదియేండ్లలో మన పల్లెటూరి సోదరీమణులు చేసి చూపినారు. దానిని గూర్చి మేము చదివినదియు, కన్నదియు, కొంత సందేహించినదియు ఇచట వ్రాయుచున్నాము.

కథ సారాతో మొదలైనది. 1991లో నెల్లూరు జిల్లాయందు పెద్దయెత్తున అక్షరాస్యతోద్యమము నడచెను. పగలంతయు పొలములో నడుము వంచిన స్త్రీలు రాత్రివేళ పలక పట్టిరి. వాచకములోని పాఠములలో సారావలన పాడైన కాపురముల ప్రసక్తి వచ్చెను. చదివినవారు చదివి యూరకుండలేదు. దూబగుంట యను చిన్న గ్రామమునందలి స్త్రీలు ఊరిలో సారా అమ్మకమును మాన్పించిరి. 1992 నాటికి ఆ మాట జిల్లాయంతటను, పిదప రాష్ట్రమంతటను ప్రాకెను. స్త్రీలు గుంపులుగా పోయి సారా వేలముపాటల నడ్డగించిరి. 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమున సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. ఆ సంపూర్ణనిషేధము 1997లో ఎత్తివేయబడిన సంగతియు చెప్పకతప్పదు.

నిషేధము పోయినను ఒకటి మిగిలినది. సారా దుకాణమునకు పోవు డబ్బు ఇంట నిలిచినపుడు దాని నేమి చేయవలెనను ప్రశ్న పుట్టెను. రోజుకొక రూపాయి దాచుకొనుడని అధికారులును ప్రోత్సహింపగా నెల్లూరు స్త్రీలు కూటములుగా చేరి దాచసాగిరి. 'పొదుపులక్ష్మి' యని దానికి పేరు వచ్చెను. అంతకు పదియేండ్లు ముందుగా, 1982లో, కేంద్రప్రభుత్వము గ్రామీణ స్త్రీలకొరకు 'డ్వాక్రా' పథకమును ప్రారంభించి యుండెను. ఆ పేరు కొన్ని యాంగ్లపదముల తొలియక్షరముల కూర్పు. ఆ పదములేవో నేడు మన పల్లెలలో నూటికి తొంబదిమందికి తెలియవు, తెలియనక్కరయు లేదు. "మా డ్వాక్రా", "డ్వాక్రా అక్క", "డ్వాక్రా డబ్బు" అని అది అచ్చమైన తెలుగుమాటయే అయికూర్చున్నది. 1992లోనే నాబార్డు బ్యాంకు దేశమున 500 సంఘములను బ్యాంకులతో జోడించి చూచు ప్రయత్నమునకు పూనుకొనెను. ఈ రెండు పాయలును కలిసిన తరువాతనే ప్రవాహము బలపడెను.

ఇక లెక్క చూతము. లెక్కయనగానే పుట త్రిప్పవలదని సోదరీమణులను వేడుచున్నాము. ఈ విషయమంతయు ఈ లెక్కలోనే యున్నది.

పదునైదుగురు స్త్రీలు రోజుకొక రూపాయి వేసినచో నెలకు 450 రూపాయలు, పండ్రెండు నెలలకు 5,400 రూపాయలు. మొదటి ఏడు ఇది పెద్ద సొమ్ము కాదు. కాని సంఘము దీనిని పెట్టెలో ఉంచదు. అవసరమున్న సభ్యురాలికి అప్పిచ్చును. ఆరునెలలు క్రమముగా దాచి, అప్పిచ్చి, వసూలు చేసి, పుస్తకము సరిగా వ్రాసినచో బ్యాంకువారు ఆ పుస్తకమును చూచి సంఘమునకు ఋణమిత్తురు. ఆ స్త్రీలలో ఏ యొక్కతెకును పొలము పట్టా ఉండదు, కుదువ పెట్టుటకు నగయు ఉండదు. పదునైదుగురి మాటయే తాకట్టు.

పల్లెలో వడ్డీవ్యాపారి "నూటికి మూడు రూపాయలు" అనినచో అది నెలకు మూడు; ఏడాదికి ముప్పదియారు. పదివేల రూపాయలు తీసికొని ఇరువదినెలల పిమ్మట అసలు తీర్చిన స్త్రీ వడ్డీక్రింద 6,000 కట్టును. సంఘమున రూపాయి వడ్డీకి తీసికొన్నచో 2,000 మాత్రమే కట్టును. ఆ రెండువేలును షావుకారి యింటికి పోక తమ సంఘపు పెట్టెలోనే పడును. మిగిలిన నాలుగువేలు ఆమె ఏ వ్యాపారము చేయకయే సంపాదించినట్లు. సభలలో సంఘములను పొగడువారు ఎప్పుడును దుకాణములను, పచ్చళ్ళను, అగరువత్తులను జూపుదురు. మా మట్టుకు మాకు, పాత అప్పునుండి బయటపడుటయే తొలిలాభమనియు, వ్యాపారము దాని తరువాతి మాటయనియు తోచుచున్నది.

గత వేసవిలో బంధువుల యింటికి పోయినపుడు మెట్టసీమలోని యొక గ్రామమున సంఘసమావేశమును చూచు భాగ్యము మాకు కలిగెను. ఊరి పేరుతో పనిలేదు. సాయంకాలము రామమందిరపు అరుగుమీద చాప పరచిరి. పండ్రెండుమంది వచ్చిరి, రానివారికి అయిదేసి రూపాయల జుల్మానా వ్రాసికొనిరి. పదవతరగతి చదివిన యొక చిన్నకోడలు పుస్తకము విప్పి పేరుపేరున పొదుపెంత, బాకీయెంత, వాయిదాయెంత అని చదువుచుండగా, మా ప్రక్కన కూర్చున్న ముసలమ్మ ప్రతిసంఖ్యకును తల యూపుచుండెను. ఆమెకు చదువు రాదు; కాని ఒక పేరుకడ "కాదమ్మా, పోయిన నెల అది నూటయేబది" అని యాపెను. తిరిగి చూడగా నూటయేబదియే. వ్రాతకంటె ఆమె జ్ఞాపకము నిక్కమైనదని అందరును నవ్విరి.

ఇడ్లీకొట్టు నడుపు నొక సోదరి తన సంగతి చెప్పినది. పూర్వము మినపప్పు, బియ్యపురవ్వ, నూనె ఊరిలోని కొట్టునుండి అరువు తెచ్చెడిది. "అరువు తెచ్చిననాడు కొట్టాయన చెప్పిందే ధరమ్మా. ఇప్పుడు సంఘం డబ్బుతో పట్నంలో బస్తా లెక్కన తెస్తున్నా. నేను చెప్పింది కూడా ఆయన వినవలసి వస్తోంది" అనెను. ఇడ్లీలు అవే, కొనువారును వారే. నగదు చేతనుండుటచేతనే లాభము రెట్టింపైనదట. ఇంకొకతె కుట్టుమిషను కొన్నది. ఇంకొకతె కుమారుని కళాశాల జీతము కట్టినది, అది వ్యాపారము కాదుగదాయని మేమనగా, "అంతకంటే వ్యాపారం ఏముందమ్మా?" అని మమ్మే యడిగినది. మాకు బదులు తోచలేదు.

పిదప గేదె సంగతి వచ్చినది.

ఒక సోదరి గేదెను కొనుటకు అప్పు తీసికొన్నది. మూడవనెలలో గేదె రోగము తగిలి చచ్చిపోయెను. భీమా చేయించియుండలేదు. రెండు వాయిదాలు తప్పినవి. ఒక్కతె తప్పినను బ్యాంకు పుస్తకములో సంఘమంతయు తప్పినట్లే. మరుసటి ఋణము అందరికిని ఆగును. ఆమె కొంగు నోటికడ్డము పెట్టుకొని చాప చివర కూర్చుండెను. అరుగు మీద మాట పెరిగినది. "అక్కా, నీ గేదె చచ్చిపోతే మేమూ ఏడ్చాం. బ్యాంకువాళ్ళు ఏడవరు గదా!" అని ఒక పడుచుది అనేసెను. "దాని పిల్ల పెళ్లికి మాత్రం చీర పెట్టింది గదా, అందులోంచి తియ్యమను" అని మఱియొకతె సన్నగా పలికెను. ఆ మాట ఆమె చెవిని పడినదో లేదో మాకు తెలియదు. మాకు మాత్రము పడినది.

కడకు ఆ ముసలమ్మయే దారి చూపెను. మూడునెలల వాయిదాలు సంఘపు సొంతపొదుపునుండి కట్టవలెను. మిరపకోతలు వచ్చినపుడు ఆమె కూలినుండి వారమువారము తీర్చవలెను. ఇకమీద భీమా లేనిదే పశువునకు అప్పిచ్చుట లేదు. చిన్నకోడలు తీర్మానముల పుస్తకములో వ్రాసినది. అందరును సంతకములు చేసిరి. గేదె పోయినామెయు చేసినది.

ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. సంఘము ఆమెను కాపాడినమాట నిజము. షావుకారైనచో ఇంటిముందు నిలిచి కేకలువేసి యుండును. లేదా దూడను తోలుకొని పోయియుండును. కాని, తోటివారి యెదుట తల వంచుకొను భయమే ఈ అప్పులన్నిటికిని అసలైన పూచీయని ఆనాడు కన్నులార చూచితిమి. ఆ భయము మంచి ముసలమ్మ చేతిలో నున్నంతవరకు ఊతకర్ర. అన్యుల చేతికి చిక్కినపుడేమి జరిగెనో కొన్నియేండ్లక్రిందట మన రాష్ట్రమే చూచినది.

సంఘముల పేరు మంచిదగుట చూచి లాభాపేక్షగల ప్రైవేటు ఋణసంస్థలు పల్లెలలో ప్రవేశించినవి. అవియు అయిదుగురిని పదిమందిని కూటము కట్టించి అప్పులిచ్చినవి. ఒకతె కట్టకున్న మిగిలినవారే కట్టవలెననినవి. చూపునకు రెండును సంఘములే. భేదమెక్కడ? మొదటిదానిలో స్త్రీలు ముందు దాచి, పిదప తీసికొందురు. వడ్డీ వారికే చేరును. రెండవదానిలో దాచుట లేదు, తీసికొనుటయే. వాయిదా వారమువారము. ఒకే స్త్రీ మూడునాలుగుచోట్ల తీసికొని, ఒకదాని వాయిదాకు మఱియొకదాని సొమ్ము చెల్లించినది. వసూలుదారులు గుమ్మములయందు కూర్చుండిరి. ఆత్మహత్యల వార్తలు పత్రికలకెక్కెను. 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము అత్యవసరశాసనము చేసి, పిదప దానిని చట్టముగా మార్చెను: అట్టి సంస్థలు పేరు నమోదు చేసికొనవలెను, ఇంటికడకు పోయి వసూలు చేయరాదు, పంచాయతి కార్యాలయమువంటి బహిరంగస్థలముననే పుచ్చుకొనవలెను, వాయిదా వారమునకు గాక నెలకొకటిగా నుండవలెను. కావున "సంఘము" అను మాట వినినంతనే సంతోషింపక, "ఈ వడ్డీ ఎవరి పెట్టెలో పడును?" అని యడుగుట మంచిది.

ఇంకొక ప్రశ్నయు అడుగవలెను. సొమ్ము ఎవరిచేతికి పోవుచున్నది? ఆ గ్రామముననే ఒక సోదరి అప్పుతో భర్తకు మోటారుసైకిలు వచ్చినది. సంతకము ఆమెది, సవారి ఆయనది, వాయిదా మరల ఆమెది. అడిగిన, "ఇంట్లో ఎవరైతే ఏమమ్మా" అని నవ్వును. ఒక యింటిలో భార్యాభర్తలకు వేర్వేరు లెక్కలు కట్టుమని మేము చెప్పుట లేదు. ఆయన ఆ బండిమీద కూరగాయలు సంతకు చేర్చుచున్నచో అదియు జీవనాధారమే. కాని, ఆమె కూలికి పోయి తెచ్చినదానితో వాయిదా కట్టుచున్నంతకాలము దానిని స్త్రీల అభ్యుదయమని వ్రాసికొనుటకు మా కలము సాగదు.

అప్పులమాట అట్లుండనిచ్చి, కలిసి అమ్ముటను గూర్చి కొంత చెప్పవలెను. ఒంటరిగా పనిచేయు చేతికి ధర ఎట్లు దక్కదో పశ్చిమగోదావరిజిల్లా నర్సాపురపు లేసు చెప్పును. పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీల ద్వారా ఆ ప్రాంతమునకు వచ్చిన యీ సన్నని అల్లిక, తరతరములుగా ఇండ్లలో గడపదాటని స్త్రీల చేతులలో పెరిగెను. వ్యాపారి నూలిచ్చును, అల్లినది తీసికొనును, ముక్కకింత యని కూలి చేతబెట్టును. మరియా మీస్ అను జర్మను పండితురాలు అచట పరిశోధన చేసి 1982లో ఒక గ్రంథము ప్రకటించెను. దినమునకు ఆరెనిమిది గంటలు కన్నులు కాయలు కాయునట్లు అల్లుచున్న స్త్రీలను అందరును, తుదకు వారే, 'ఊరక యింట నుండువారు' అనియు, లేసు 'తీరికవేళ పని' యనియు తలచుట ఆమె గమనించెను. ఆ తలపే కూలిని తగ్గించుచుండెను. ఇటీవలి కాలమున సంఘములుగా, సమాఖ్యగా చేరి అమ్ముకొను ప్రయత్నములు జరిగినవి. 2024లో నర్సాపురపు లేసునకు భౌగోళికసూచిక గుర్తింపును లభించెను. మన యిండ్లలో టీబల్లపై పరచిన ఆ తెల్లని గుడ్డను చూచినపుడు దానివెనుకనున్న గంటలను లెక్కింపుడు.

ఇందుకు ప్రతియైన చిత్రమును చూడగోరువారు తెలంగాణమునందలి ముల్కనూరునకు పోవలెను. నాటి కరీంనగరుజిల్లాలోని ఆ గ్రామమున 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డిగారు ఒక సహకార ఋణసంఘమును స్థాపించిరి. ఆ వాతావరణములో పెరిగిన చుట్టుప్రక్కల గ్రామముల స్త్రీలు మొదట పొదుపుసంఘములు కట్టుకొనిరి. పిదప 2000లో తమదే యగు పాలసహకార సంఘమును నెలకొల్పిరి. సభ్యులందరును స్త్రీలే, పాలకవర్గమును స్త్రీలే. 1995 నాటి పరస్పరసహాయక సహకారసంఘముల చట్టము వారికి తోడ్పడెను. ఆ చట్టము క్రింద సంఘము సర్కారు వాటాధనమును పుచ్చుకొనదు. సర్కారు దానిమీద పెత్తనమును చేయదు. 'స్వకృషి' యను పేరుతో వారి పాలు అమ్ముడగుచున్నవి.

ఇందలి కీలకమేమి? పాలు పోయు స్త్రీకి ధర కట్టునది వెన్నశాతము. పూర్వము పల్లెలకు వచ్చు పాలవాడు వ్రేలుముంచి "నీళ్ళున్నవి" అనిన నీళ్ళున్నట్లే. అతని కొలపాత్రకు సొట్ట ఉన్నదా యని అడుగువారు లేరు. అతనికడ అడ్వాన్సు పుచ్చుకొనియున్నచో అసలే నోరు లేవదు. తమ సంఘమున తమ యెదుటనే పాలు కొలిచి, వెన్న పరీక్షించి, పుస్తకములో వ్రాయుదురు. తక్కువ వచ్చిననాడు దాణా తగ్గెనని, తవుడు పెట్టలేదని తెలిసికొని ఇంటికి పోవుదురు. పరీక్షించువాడు ఆమెకు జవాబుదారి. కుటుంబపు రాబడిని పెంచినది ఆవులు గేదెలు మాత్రమే కావు, ఈ జవాబుదారితనము.

బొంబాయిలో 1959లో ఏడుగురు స్త్రీలు 80 రూపాయలు అప్పుతెచ్చి మేడమీద అప్పడములొత్తి ప్రారంభించిన లిజ్జత్ కథ మన పాఠకురాండ్రకు తెలిసినదే. దానిని విని ప్రతియూరిలోను ఒక సంఘము అప్పడములకు దిగుచున్నది. ఊరంతయు అప్పడములొత్తిన కొనువారెవరు? పచ్చళ్ళును అంతే. రుచి మన చేతిలో నున్నది గాని, సీసా, మూత, చీటీ, నిలువయుంచుట, దుకాణదారునకు నెలకు సరిపడ సరకు ఒకే రుచితో అందించుట ఇవన్నియు వేరు విద్యలు. అధికారులు ఏర్పాటుచేయు ప్రదర్శనలో మూడుదినములు అమ్ముడైనంత మాత్రమున వ్యాపారము నిలిచినదని నమ్మరాదు. ఊరిలో నిత్యము కొనబడు వస్తువేది, అది ఇప్పు డెచటినుండి వచ్చుచున్నదని ముందుగా విచారించిన సంఘములు బాగుపడుచున్నవి. ఇడ్లీకొట్టు సోదరిని మేము మెచ్చుకొనుట అందుకే.

నేడు సంఘములపైన గ్రామసమాఖ్యలు, వానిపైన మండల, జిల్లా సమాఖ్యలు కలవు. 2011లో 'స్త్రీనిధి' యను ఋణ సహకార సమాఖ్యయు ఏర్పడెను. 2021నుండి జాతీయ గ్రామీణ జీవనోపాధి పథకము క్రింది సంఘములకు ఇరువదిలక్షల వరకు తాకట్టు లేకుండ బ్యాంకులు ఋణమీయవచ్చును. రూపాయితో మొదలైనది లక్షలకు చేరినది. సొమ్ము పెరిగినకొలది పుస్తకములు వ్రాయువారి పని కష్టమగుచున్నది. చదువుకొన్న యొక్కతె వ్రాసినదానిని చదువురాని పదిమంది నమ్మవలసి వచ్చుచున్నది. చదువుకొన్న సోదరీమణులు తమ పుట్టినయూరికి పోయినపుడు, కూతురి పుట్టువెంట్రుకలకో పండుగకో పోయినను సరియే, ఒక సాయంకాలము సంఘపు పుస్తకము తెరచి, ప్రతి సభ్యురాలికిని ఆమె ఖాతాను బిగ్గరగా చదివి వినిపించినచో, అది ఏ విరాళమునకంటెను మేలైన సాయము. ఆ ముసలమ్మవంటి జ్ఞాపకము ప్రతియూరను ఉండదు.

సంక్రాంతికి ఆ యూరినుండి మా వదినెగారు వ్రాసిరి. మిరపకోతల కూలితో గేదె పోయినామె మూడునెలల బాకీయు తీర్చెనట. తరువాత మరల అప్పడిగెనట. అరుగుమీద కొంత గొణుగుడు జరిగినను ఇచ్చిరట. ఈసారి పశువులవైద్యుడు వచ్చి చూచి, గేదెచెవికి భీమాబిళ్ళ కుట్టిన తరువాతనే ఆమె దానిని పాకలోనికి తోలించెనట. పూటకు మూడు లీటర్లు ఇచ్చుచున్నదని వ్రాసిరి.